మానుకోటకు అందిన పైలోకపు కబురు

ఇప్పుడంటే ఇంటర్నెట్‌లో దూరపు గ్రహాల ఫొటోలు, నక్షత్రాల శబ్దాలు అన్నీ ఇంట్లోకే వస్తున్నాయి. డెబ్బైల నాటి మానుకోటలో (మహబూబాబాద్‌ను మేమలాగే పిలుస్తాం) ఆకాశం గురించి నాకున్న ఆధారాలు రెండే: గ్రంథాలయానికి ఆలస్యంగా వచ్చే సైన్సు పత్రిక, గుమస్తా జీతంతో కొన్న ట్రాన్సిస్టర్. వేరే లోకాల్లో తెలివైన జీవులుంటే రేడియోలో క్రమం తప్పని చప్పుడు పంపవచ్చని ఆ పత్రికలో చదివాను. ఒక సాయంత్రం స్టేషన్ లేనిచోట ముల్లు ఆపితే టిక్, టిక్, టిక్ అని వినిపించింది. ఒళ్ళు జలదరించింది. ఆ తర్వాత రోజూ విన్నాను, ఒక్క టిక్కూ తప్పలేదు. (ఆదివారం మాత్రం రాలేదు. వాళ్ళకూ సెలవేమో అనుకున్నాను.)

సరిగ్గా అప్పుడే జనగామ నుంచి పిల్ల తండ్రి నన్ను చూడటానికి వచ్చాడు. సంబంధం అమ్మకు బాగా నచ్చింది. ఫొటో చూసినప్పటి నుంచి నాకూ నిద్ర లేదు. "బిడ్డా, నీకు దండం పెడ్త, ఆయన ముంగట గా డబ్బ తియ్యకు" అంది అమ్మ. తీయకపోదును. కానీ ఆ పెద్దమనిషే, "పైలోకపోళ్ళ మాటలు ఇంటున్నవట గద, మాకు గూడ జర ఇనిపియ్యి" అన్నాడు. ఎవరో ముందే ఆయన చెవిన వేసేశారు. చీకటి పడ్డాక వాకిట్లో మంచం మీద రేడియో పెట్టాను. టిక్ టిక్ మొదలైంది.

"ఏమంటున్నరు మరి?"

"ఇంక తెల్వలేదు మామా." (మామా అన్న మాట తొందరపడి వచ్చేసింది.)

అంతలో కరెంటు పోయింది. మా ఇంటి వెనకాల ఉన్న పిండిగిర్ని ఆయాసపడుతూ ఆగింది. దానితోపాటే రేడియోలో టిక్ టిక్ కూడా నెమ్మదించి ఆగిపోయింది. తిరిగే బెల్టు అతుకు దగ్గర నిప్పురవ్వ లేచినప్పుడల్లా రేడియో టిక్కుమంటోందన్నమాట!

"పైలోకపోళ్ళు కారం పట్టిస్తున్నట్టున్నరు పిలగా!" అని ఆయన మంచం ఊగేలా నవ్వాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సంబంధం పోయిందనుకున్నాను.

ఆ నవ్వు ఆగాక, బ్యాటరీలతో నడిచే రేడియోలో ఎక్కడో దూరాన వాన పడుతున్నట్టు సన్నటి హోరు మిగిలింది.

"మరి గీ సప్పుడు ఏ గిర్నిది?"

"గీ సప్పుడుల కొంత సుక్కల నుంచే వస్తదట. బయలెల్లి ఎన్నేండ్లయిందో."

ఊళ్ళో ఒక్క దీపం లేదు. తలెత్తితే మా వాకిలి మీదికి వంగినట్టు ఆకాశమంతా చుక్కలు. ఆయన తలరుమాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

వెళ్ళేటప్పుడు అమ్మతో, "అక్కా, కానరానోళ్ళ కోసం గింత ఓపిక పట్టినోడు ఇంట్ల మనిషి కోసం పట్టడా? మా దిక్కు నుంచి ఖాయమే" అన్నాడు.

ఇప్పటికీ పొద్దుగూకాక నేను ఆరుబయట కూర్చుంటే, ఆయన బిడ్డ చాయ్ అందిస్తూ అడుగుతుంది: "ఏమన్న పలికిన్రా?" రేడియోకు చెవి ఆనించిన ఆ పిలగాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. "ఇంక లేదు" అంటాను.

"వస్తరు తియ్యి, తొవ్వల ఉన్నరేమో" అని, తనూ ఒకసారి పైకి చూసి పక్కన కూర్చుంటుంది.