గాలి లేనప్పుడే కొట్టాలి

నాకు గాలంటే భయం. చెబితే ఎవరూ నమ్మరు, నమ్మినవాళ్ళు నవ్వుతారు. మా స్కూలు స్టాఫ్ రూములో నేను అడుగుపెట్టగానే "టీచర్ గారొచ్చారు, కిటికీలు మూయండి" అని వేళాకోళం చేస్తారు. నరసరావుపేట నుంచి రొంపిచెర్ల వెళ్ళే బస్సులో ఎండ ఎంత మండిపోతున్నా నా పక్క అద్దం మూసే ఉంచుతాను. పక్కన కూర్చున్నవాళ్ళు సణుగుతారు, సణగనీ. దారి పొడుగునా మిరప చేలల్లో ఎవరో ఒకరు వీపున ట్యాంకు తగిలించుకుని మందు కొడుతూనే ఉంటారు. ఆ తుంపర ఎటు కొట్టుకొస్తుందో ఎవరికి తెలుసు?

మందంటే పురుగుమందు. మా వైపు పగటిపూట మందు కొట్టడమంటే పొలంలో పిచికారీ చేయడం. పొద్దుగూకాక అదే మాటకి అర్థం బ్రాందీ షాపు.

మా నాన్న మందు కొడుతూ పోయాడు. నేనప్పుడు సత్తెనపల్లి హాస్టల్లో ఏడో తరగతి చదువుతున్నాను. నన్ను ఊరికి తీసుకొచ్చేసరికే ఆయన్ని శవపెట్టెలో పడుకోబెట్టారు. అమ్మ నన్ను ఒళ్ళోకి లాక్కుని, "గాలికెదురు కొట్టాడే మీ నాన్న. మందు ఎక్కింది. గాలి లేనప్పుడే కొట్టాలని ఎన్నిసార్లు చెప్పానో" అంది. ఆ ఏడు మా మిరప పూర్తిగా పోయింది. అందుకని ఊళ్ళో కొందరు ఇంకో మాట అనుకున్నారు. మందు ఎక్కలేదు, తాగాడు అన్నారు. చర్చి మెట్ల మీద ఆ మాట నా చెవిన పడేట్టు అన్న ఒకావిడ మాకు మేనత్త వరస. ఆమెతో నేను ఈ రోజుకీ మాట్లాడను. మా నాన్నని చంపింది గాలి. అది నాకు ఎక్కాలంత గట్టిగా వచ్చు.

అలాంటిదాన్ని ఎయిర్ బ్రష్ ఎందుకు కొన్నానో నాకే తెలియదు. సోషల్ పాఠాలకు పనికొస్తాయని ప్లాస్టిక్ మోడల్ కిట్లు తెప్పించడం మొదలుపెట్టాను. పెట్టెలో అచ్చుపోసిన ముక్కలుంటాయి. వాటిని కత్తిరించి, నున్నగా గీకి, అతికిస్తే అరచేతిలో పట్టే విమానమో, ఓడో తయారవుతుంది. రెండోది పూర్తయ్యేసరికి వాటిని పిల్లల చేతికివ్వడం మానేశాను. నావి అనిపించాయి. ఒక్కటే చిక్కు. కుంచెతో రంగు వేస్తే రెక్కల మీద చారలు పడేవి, పేడతో అరుగు అలికినట్టు. వీడియోల్లో చూస్తే అందరూ ఎయిర్ బ్రష్ వాడుతున్నారు. పెన్నంత గొట్టం, దాని మీద చిన్న గిన్నె, కింద కంప్రెసర్ నుంచి వచ్చే పైపు. మీట కిందికి నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు. ఇంతేనా అనుకున్నాను.

పార్సిల్ విప్పుతుంటే అమ్మ వచ్చి నిలబడింది. పొలం కౌలుకిచ్చేసి చాలా ఏళ్ళ కిందటే నా దగ్గరికి వచ్చేసింది.

"ఏందే అది?"

"బొమ్మలకి రంగు కొట్టేదమ్మా."

"మందు కొట్టేదాన్లా ఉందే" అంది. దాన్ని ముట్టుకోలేదు. వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు గిన్నెల చప్పుడు చేసింది.

మొదటిరోజు గిన్నెలో ఉత్త నీళ్ళే పోశాను. అయినా మీట మీద వేలు కదలలేదు. కంప్రెసర్ గుడగుడమంటోంది. నలభై దాటిన మనిషిని, అరవై మంది పిల్లల్ని ఒక్క చూపుతో కూర్చోబెట్టేదాన్ని, మంచినీళ్ళ తుంపరకి భయపడి చెమటలు కక్కాను. చివరికి కళ్ళు మూసుకుని నొక్కాను. పాత పేపరు మీద తడి మచ్చ పడింది, అంతే. నా మీద నాకే ఒళ్ళు మండింది.

ఆ తర్వాత రంగు. పాలంత చిక్కగా కలపాలని వీడియోల్లో చెబుతారు. ఏ పాలు? మా పాలవాడు పోసే పాలంత కలిపితే కాగితం మీద పడ్డ చుక్క నాలుగు వైపులా సాలెపురుగు కాళ్ళలా పాకింది. కాస్త చిక్కగా కలిపితే గొట్టం మూతిలో ఎండిపోయి కూర్చుంది. అమ్మ గుమ్మం దాటి లోపలికి రాకుండా, "చాల్లేమ్మా, ఆపు. ఆ వాసన నాకు పడదు" అనేది. పడదనడమే కాదు, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని వరండాలోకి వెళ్ళిపోయేది. అందుకని ఆమె చర్చికి వెళ్ళే ఆదివారం పొద్దుటిపూట నాకు పని చేసుకునే వేళ అయింది.

ఆ ఆదివారం మొదటిసారి మోడల్ మీదే కొడదామని కూర్చున్నాను. చిన్న విమానం, దానికి ముందు ప్రైమర్ అనే తెల్లటి పూత వేయాలి. వెనక గదిలో కిటికీ మూశాను. ఫ్యాను ఆపాను. గాలికి తలుపు ఊగుతోందని గడియ పెట్టాను. తలుపు కింది సందులో తడిగుడ్డ కుక్కాను. ముక్కుకి అమ్మ పాత నేత చీర ముక్క కట్టుకున్నాను. కిటికీ తెరిచి పెట్టుకోండి, గాలి ఆడాలి అని వీడియోల్లో ప్రతివాడూ మొత్తుకుంటూనే ఉన్నాడు. వాళ్ళకేం తెలుసు, వాళ్ళ ఇళ్ళల్లో మందు కొట్టి పోయినవాళ్ళున్నారా అనుకున్నాను. గాలి లేనప్పుడే కొట్టాలి. గదిలో ఆకు కూడా కదలనంత కట్టుదిట్టం చేశాకే నాకు ధైర్యం వచ్చింది.

రెక్క మీద మొదటి పూత పడింది. చార లేదు, మచ్చ లేదు. మంచు పట్టినట్టు సన్నగా, సమంగా పరుచుకుంది. ఎంత సంతోషమేసిందంటే గుడ్డ కింద నేను నవ్వుతున్నట్టు కాసేపటికి గానీ తెలియలేదు. రెండో రెక్క సగంలో ఉండగా గొట్టం మూసుకుపోయింది. హార్డ్‌వేర్ షాపులో తెచ్చిన, రంగు కరిగించే థిన్నర్ గిన్నెలో పోసి, శుభ్రపడేదాకా ఆ మూసిన గదిలోకే కొట్టాను. మళ్ళీ పోశాను, మళ్ళీ కొట్టాను.

ముందు కళ్ళు మండాయి. తర్వాత నాలుక మీదికి తియ్యటి చేదు ఒకటి వచ్చింది. లేద్దామనుకుంటే కాళ్ళు నావి కావు. నోట్లో నీళ్ళూరాయి. నాన్నకి ఇలాగే అయి ఉంటుంది, ముందు కళ్ళే మండి ఉంటాయి, చేలో ఒక్కడే ఇలాగే కూలబడి ఉంటాడు అనుకున్నాను. చచ్చిపోతున్నానని నిజంగా అనుకున్నాను. అరుద్దామంటే నోరు పెగల్లేదు. కంప్రెసర్ తన పాటికి తాను మోగుతూనే ఉంది. గడియ ఎక్కడో పైన, అందనంత ఎత్తున కనిపించింది. అమ్మ వచ్చి నన్ను ఇలా చూస్తుందే, రెండోసారి కూడా చూడాల్సొస్తుందే అని, చావుకంటే దానికి ఎక్కువ భయమేసింది.

తలుపు బాదుతున్న చప్పుడు ఎప్పుడు మొదలైందో తెలియదు. "తలుపు తియ్యవే, అమ్మాయ్, తలుపు తియ్యి" అని అమ్మ గొంతు. తర్వాత కింది వాటాలో ఉండే బాబాయ్ గొంతు. ఆయన తన్నిన తన్నుకి గడియ ఊడి నా పక్కనే పడింది.

అమ్మ కిటికీ వైపు వెళ్ళలేదు. తిన్నగా వచ్చి నా మీద కూలబడింది. ముఖానికున్న గుడ్డ లాగేసి, రెండు వేళ్ళతో నా దవడలు విడదీసి, తన ముక్కు నా నోట్లో పెట్టినంత పని చేసింది. గట్టిగా వాసన పీల్చింది. మళ్ళీ పీల్చింది.

"తాగావా? నిజం చెప్పు, తాగావా?"

"వదినా, పక్కకి జరుగు, ముందు కిటికీ తియ్యనీ" అని బాబాయ్ ఆమెను బలవంతాన లేపాడు. ఇద్దరూ కలిసి నన్ను బయట వరండాలోకి లాక్కొచ్చారు.

ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టి, మధ్యాహ్నానికి పంపేశారు. "ఒక్క కిటికీ తెరిచి ఉంటే మీకు తలనొప్పి కూడా వచ్చేది కాదు. చదువుకున్నవారు, గాలాడకుండా ఎందుకు మూసుకున్నారు?" అని డాక్టర్ అడిగాడు. గాలికి భయపడి అంటే ఆయనకు అర్థమయ్యేది కాదు.

ఇంటికొచ్చి పడుకున్నాను. అమ్మ నా కాళ్ళ దగ్గర కూర్చుంది. పొద్దుట చర్చికి కట్టుకున్న చీర ఇంకా మార్చుకోలేదు. నాకు నిద్ర పట్టలేదు. మూసిన తలుపు, ఘాటు వాసన, పడి ఉన్న మనిషి. ఎవరైనా ముందు కిటికీ తీస్తారు, నీళ్ళు చల్లుతారు, కేకలేస్తారు. ఆమె చేతులు తిన్నగా నోటికే వెళ్ళాయి, ఎక్కడ చూడాలో ముందే తెలిసినట్టు. అడగకూడదని ఒళ్ళంతా భయం చెబుతూనే ఉంది. అడిగాను.

"నా నోరెందుకు చూశావమ్మా?"

అమ్మ దుప్పటి నా కాళ్ళ మీదికి లాగింది.

"ఆ రోజు నాన్నదీ అట్టానే చూశావా?"

"చూశా."

"వాసన వచ్చిందా?"

అమ్మ నా పాదం మీద చెయ్యి వేసింది. ఏడవలేదు. గొంతు కూడా మారలేదు.

"నే చేలోకి పోయేసరికే అయిపోయాడు. కాలవలో నీళ్ళు తెచ్చి నోరు కడిగా. కొంగుతో పళ్ళు తుడిచా. వాసన పోయిందాకా కడిగి, అప్పుడు కేకేశా. గాలికెదురు కొట్టాడని ఊరందరికీ చెప్పా. ఎవురూ నమ్మలా. నువ్వొక్కదానివే నమ్మావు."