అమ్మ గుత్తిలో లేని తాళంచెవి

మా ఇంట్లో పేల్చే మనిషి నా భార్య. పేలే మనిషిని నేను. ఈ రెండు క్రియలకూ ఉన్న తేడా పెళ్లయిన కొత్తలోనే నాకు బోధపడింది.

ఆమెది ఉయ్యూరు దగ్గర చెరుకు పండించే ఇల్లు. తోటల్లో పడే అడవిపందుల కోసమని మా మావగారు జంట గొట్టాల తుపాకీకి లైసెన్సు తీసుకున్నారు. నిజానికి పందుల మీద కోపం కంటే గురి మీద మమకారం ఆయనకు ఎక్కువ. కోత అయిన చేలో పాలేరు చేత మట్టి మూకుళ్లు గాల్లోకి విసిరించి, అవి నేలకు దిగేలోపు ముక్కలు చేసేవారు. మగపిల్లలు లేరు. ఉన్న ఒక్క కూతురికీ ఆ విద్య నేర్పారు. పెళ్లిచూపుల్లో మా అమ్మ "అమ్మాయికి సంగీతం వచ్చా అండీ?" అని అడిగితే, "సంగీతం రాదు గానీ చెల్లెమ్మగారూ, శబ్దం బాగా వస్తుంది" అన్నారు. హాస్యం కాబోలనుకుని మేమంతా నవ్వాం.

డెబ్బైల నడిమిలో ఆమె విజయవాడలో ఒక రైఫిల్ క్లబ్బులో చేరింది. అక్కడ మూకుళ్ల బదులు మట్టి బిళ్లలు ఎగరేసేవారు. చీర కొంగు నడుముకు బిగించి నిలబడితే మగవాళ్లు కూడా మాటలు ఆపి చూసేవారు. ఆమెది లక్ష్యం, నాది నిర్లక్ష్యం. నాకు అప్పజెప్పిన పని కాఫీ ఫ్లాస్కు మోయడం. అదీ మూత సరిగా పెట్టక ఒలకబోసేవాణ్ని.

మా అమ్మకు మొదట్లో ఈ వ్యవహారం నచ్చలేదు. "ఆడపిల్లకి తుపాకీ ఏవిట్రా, వినేవాళ్లు నవ్విపోతారు" అనేది. ఒకసారి ఉయ్యూరు వెళ్లినప్పుడు చేలో గట్టు మీద కూర్చోబెట్టి చూపించారు. మొదటి మూకుడు పగిలినప్పుడు చెవులు మూసుకుంది. రెండోది పగిలినప్పుడు కళ్లు తెరిచింది. ఆ తరువాత లేచి నిలబడి, "ఇంకోటి వెయ్యండర్రా!" అని పాలేరు మీద కేకలేసింది.

అలా ఉండగా మావగారి కళ్లకు శుక్లాలు వచ్చాయి. ఒకరోజు మూకుడనుకుని ఎగిరే కొంగ మీద గురి పెట్టి, ఆఖరి క్షణంలో ఆగిపోయారు. తుపాకీని మడత దగ్గర తెరిచి తూటాలు తీసేసి కూతురి చేతిలో పెట్టారు. "ఇక నీదేనమ్మా ఇది" అన్నారు. ఆయన ఇచ్చినంత మాత్రాన సరిపోదు కదా. లైసెన్సు ఆమె పేరున రావాలి. దానికి ముందు ఇంట్లో తుపాకీ ఉంచే చోటు భద్రంగా ఉందని పోలీసులు చూసి రాయాలి. లేదంటే స్టేషన్లో అప్పగించాలి.

"స్టేషన్లో పెడితే నూనె రాసేదెవరు అల్లుడుగారూ? కృష్ణలో పారేసినా ఒకటే" అన్నారు మావగారు.

బీరువా చూసే పని నా మీద పడింది. గవర్నర్‌పేటలో ఇన్సూరెన్సు ఆఫీసులో గుమాస్తాను నేను. ఊళ్లోవాళ్ల ప్రాణాలకు భద్రత అంటగట్టేవాణ్ని, తుపాకీకి ఆ మాత్రం చెయ్యలేనా అనుకున్నాను. బీరువా కొనడానికి వెళ్లి బీరాలు పలికాను.

"పట్టుచీరలకా అండీ?" అన్నాడు షాపాయన.

"తుపాకీకి."

"మీకు తుపాకీ ఉందా అండీ?" అని నన్ను పైనుంచి కిందికి చూశాడు. ఆ చూపులో నమ్మకం బొత్తిగా లేదు.

"నాకు కాదు, మా ఆవిడకి."

ఆయన చటుక్కున లేచి తన కుర్చీ నాకు వేశాడు. "కూర్చోండి సార్, సోడా తెప్పిస్తాను" అన్నాడు. భార్య వల్ల భర్తకు దక్కే గౌరవం రుచి ఎలా ఉంటుందో ఆ గోలీ సోడాతో తెలిసింది. ఆ మత్తులోనే నాకు అద్దాల తలుపుల టేకు బీరువా తెగ నచ్చింది. లోపల ఎర్ర మఖ్మలు. ముందు గదిలో పెడితే వచ్చినవాళ్లంతా తుపాకీ చూస్తారు, పక్కనే క్లబ్బు పోటీలో ఆమె గెలిచిన కప్పు చూస్తారు, ఇది ఎవరిదని అడుగుతారు, నేను చెబుతాను. మర్నాడు ఆమెను తీసుకొచ్చి చూపించాను.

"ఏవండీ, ఇది తుపాకీ దాచడానికా, తుపాకీకి పెళ్లిచూపులా?" అంది. తలుపు తీసి మఖ్మలు మీద చెయ్యి పెట్టింది. "మన వానాకాలంలో ఈ గుడ్డ చెమ్మ పీలుస్తుంది. గొట్టం దీనికి ఆనుకుని ఉంటే తుప్పు పట్టేస్తుంది."

నిలువుటద్దం ఉన్న ఇనప బీరువా చూశాం. తలుపు మీద వేళ్లతో కొడితే డప్పులా మోగింది. "రేకు పల్చన. ఇద్దరు పట్టుకుంటే రిక్షాలో వేసుకుపోతారు" అంది. డబ్బు దాచే ఇనప్పెట్టె గట్టిదే గానీ పొట్టిది. "తుపాకీ విడదీసి పెట్టుకోవచ్చుగా" అన్నాను తెలిసినవాడిలా. "పెట్టొచ్చండీ. కానీ ఇది డబ్బు కూర్చునే పెట్టె. నాన్నగారి తుపాకీ నిలబడాలి" అంది. ఆ ముక్కతో బజారులో దొరికే బీరువాల కథ ముగిసింది.

చివరికి గేట్లు చేసే వర్క్‌షాపులో చేయించాం. నేల మీద సుద్దముక్కతో ఆమే కొలత గీసింది. మందపాటి రేకు. మడతబందులు లోపలివైపు, బయటి నుంచి కోయడానికి వీల్లేకుండా. గోడకు బోల్టులు బిగించడానికి వీపు భాగంలో రంధ్రాలు, ఆ బోల్టులు తిప్పాలంటే తలుపు తెరవాల్సిందే. గొట్టాలు ఆనడానికి గుడ్డ లేని నున్నటి చెక్క. అడుగున తూటాలకు వేరే అర, దానికి వేరే తాళం.

"రెండూ ఒకే తాళం కింద ఉండకూడదండీ" అంది.

"అత్తాకోడళ్లలాగా?" అన్నాను.

"అన్నది మీరు. నేను కాదు."

బీరువా వచ్చిన రోజున అమ్మ ముహూర్తం చూసింది. నైరుతి మూల గోడకు బిగించాక తలుపుకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. తరువాత రెండు తాళంచెవులూ తీసి తన గుత్తిలో వేసుకుని నడుములో దోపుకుంది. మాలో ఎవరికీ అది వింతగా తోచలేదు. మా ఇంట్లో కొత్త తాళం ఏది వచ్చినా చెవి అమ్మ గుత్తికి చేరడం ఆనవాయితీ. నా సైకిలు తాళం కూడా అక్కడే ఉండేది. ఇంట్లో రాగం ఎవరు తీసినా తాళం మాత్రం అమ్మదే.

ఇన్‌స్పెక్టరు గారు ఒక ఉదయం వచ్చారు. బీరువాను తట్టారు, లాగారు, భుజం పెట్టి నెట్టారు. "ఎవరండీ దీన్ని చేయించింది?" అన్నారు. నేను నోరు తెరిచేలోపు అమ్మ "మా కోడలు" అంది. ఆయన మెచ్చుకోలుగా తలూపి, "ఒకసారి తెరవండమ్మా" అన్నారు.

నా భార్య అలవాటు ప్రకారం వెనక్కి తిరిగి, "అత్తయ్యగారూ, తాళాలు" అంది.

అమ్మ దర్జాగా గుత్తి తీసింది. ఇన్‌స్పెక్టరు గారు దానివైపు చూశారు.

"ఇవి ఎప్పుడూ మీ దగ్గరే ఉంటాయా అమ్మా?"

"ఎప్పుడూ నా దగ్గరే బాబూ. ఈ గుత్తి మా అత్తగారు పోతూ నా చేతిలో పెట్టింది. స్నానానికి వెళ్తే మాత్రం దేవుడి గదిలో మేకుకి తగిలిస్తాను. ఇంట్లో అందరికీ తెలుసు, పనిమనిషి కూడా ముట్టుకోదు."

భద్రత ఎంత గట్టిగా ఉందో చెబుతున్నానని అమ్మ అనుకుంది. ఆయన మాత్రం కలానికి మూత పెట్టేశారు.

"లైసెన్సు మీ కోడలి పేరున అడుగుతున్నారు. తాళం ఆవిడ దగ్గర తప్ప ఇంకొకరి దగ్గర ఉండకూడదమ్మా. ఉంటే తుపాకీ వాళ్ల చేతిలో ఉన్నట్టే. ఆఖరికి ఈయన దగ్గర కూడా ఉండకూడదు."

"వాడి దగ్గర ఎలాగూ ఏ తాళమూ ఉండదులే" అంది అమ్మ.

"అయితే నన్నేం రాయమంటారు?"

అన్ని నెలల పనీ, మావగారి తుపాకీ, ఆ గుత్తికి వేలాడుతున్నాయి. ఆ గుత్తిని ఇమ్మని అమ్మను అడిగిన మనిషి మా వంశంలో లేడు. నా భార్య తల దించుకుంది. అడిగితే ఏమవుతుందోనన్న భయం కాదు, అడగడమే తప్పని ఆమె పెంపకం. నేను ధైర్యం కూడదీసుకుని, "అమ్మా, మరి సంగతేంటంటే..." అని పేలబోయాను.

"నువ్వుండరా" అంది అమ్మ. ఇన్‌స్పెక్టరు గారివైపు తిరిగింది. "ఈ రెండూ తీసి ఇచ్చేస్తే మా పిల్లకి తుపాకీ వస్తుందా?"

"నా వరకూ బాగుందని రాస్తానమ్మా. ఇచ్చేది పైవాళ్లు."

"ఇది కొట్టగా నువ్వు చూడలేదు బాబూ. మూకుడు అలా పైకి లేస్తుందో లేదో, టప్పుమని పొడి! చూస్తే వెంటనే రాసేద్దువు" అంటూ చేతులతో మూకుడెగిరే దారి గాల్లో చూపించింది. ఆయన నవ్వు ఆపుకోలేకపోయారు.

తరువాత అమ్మ నేల మీద చతికిలబడి గుత్తి ఒళ్లో పెట్టుకుంది. రింగు గట్టిది, పాతది. నేను సాయం వెళ్తే చెయ్యి విదిలించింది. జడపిన్నుతో సందు చేసి, ఒకదాని వెనక ఒకటి రెండు చెవులూ తప్పించింది. నా భార్యను దగ్గరకు పిలిచి అరచేతిలో పెట్టింది.

"ఇవి నీవి. మిగతావి నేనున్నంతకాలం అడక్కు."

"అడగనండీ అత్తయ్యగారూ."

ఎగిరే మూకుడి మీద ఎన్నడూ గురి తప్పని ఆమె తాళం కన్నం రెండుసార్లు తప్పి, మూడోసారికి తలుపు తెరిచింది. ఇన్‌స్పెక్టరు గారు కలం మూత తీశారు.

లైసెన్సు వచ్చాక మావగారు అద్దె కారులో తుపాకీని ఒళ్లో పెట్టుకుని వచ్చారు. చూపు సరిగా ఆనదు కనుక బీరువాను చేత్తో తడిమారు. అంచులు, చెక్క, అడుగు అర. కూతురు తుపాకీ నిలబెట్టి తలుపు మూసి తాళం తిప్పింది. ఆయన చెవి పెట్టి విన్నారు. "ఆఁ, పడింది" అన్నారు.

వీధిలోవాళ్లకు బీరువా సంగతి నేను చెప్పకూడదని నా భార్య ఆంక్ష. నోటికి తాళం లేనివాడి ఇంట్లో ఎంత మంచి బీరువా ఉన్నా దండగని ఆమె అభిప్రాయం. నేను కష్టపడి పాటించాను. అమ్మ మాత్రం పక్కింటావిడ దగ్గర ఒకనాడు ఆగలేకపోయింది.

"మా ఇంట్లో నా గుత్తిలో లేని తాళంచెవి ఉంది, తెలుసా?"

"అయ్యో! ఎవరి దగ్గరుందండీ?"

"మా కోడలి దగ్గర."

"మరి ఆ అమ్మాయి ఎక్కడ పెట్టుకుంటుంది?"

అమ్మ నడుము మీద చెయ్యి వేసి, గుత్తి గలగలలాడేలా నిటారుగా నిలబడింది.

"నాకే తెలీదు!" అంది.