గీత లేవలేదు, చెయ్యి లేచింది

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. మా వీధిలో దెయ్యం పట్టిందన్న కోడలికి కడుపునిండా పెరుగన్నం పెట్టి వదిలించినదాన్ని. అరవై దాటాక అక్షరాలు దిద్దుకున్నాను. అలంకారాలు రావు. చూసింది చూసినట్టే రాస్తున్నాను.

మాది నేత ఇల్లు. రెండేళ్ల కిందట కొండపల్లి రోడ్డులో మోటారుసైకిల్ మీంచి పడి మా ఆయనకి కుడి భుజం దగ్గర నరాలు తెగాయి. చెయ్యి కట్టెలా వేలాడుతోంది. గిచ్చినా తెలియదు. సగం నేసిన చీర మగ్గం మీదే ఉంది, ఎవరినీ ముట్టుకోనివ్వడు.

మా తమ్ముడి కూతురు విజయవాడలో నరాల కణాలు ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకుంటాయో పరిశోధన చేస్తుంది. మా ఆయన చేతికి ఆఖరి పరీక్ష చేస్తానని మమ్మల్ని తన ల్యాబుకి రమ్మంది. కండ పలికితే మిషన్ తెర మీద గీత లేస్తుందట. లేవకపోతే మగ్గం విప్పేస్తానని ఆయన మాటిచ్చాడు.

చెయ్యి బల్ల మీద పెట్టించి, సూదులు గుచ్చుతూ చెప్పింది. "కణానికీ కణానికీ మధ్య సన్న సందు ఉంటుందత్తా. ఇటు కణం రసాయనం వదిలితే అటు కణం అందుకుంటుంది. నరానికీ కండకీ మధ్య కూడా అంతే."

"పోగులు అతక్కుండా గుడ్డెలా నిలుస్తుందే?" అన్నాను.

"అది తేల్చడానికే కదా నాకు జీతమిస్తున్నారు," అని నవ్వింది. "మావయ్యకి ఆ సందు దాకా కబురే రావట్లేదు."

పట్టపగలు పదకొండు గంటలు. గీత పడుకునే ఉంది. పిల్ల పమిట కొంగు బల్ల మీద వాలింది. అంచున రెండు పోగులు ఊడి ఉన్నాయి. ఆయన కుడి చెయ్యి లేచింది. బొటనవేలు, చూపుడువేలు ఆ రెండు పోగుల్నీ పట్టుకుని మెలిపెట్టి అతికించాయి. చెయ్యి మళ్లీ కట్టెలా పడిపోయింది. గీత లేవలేదు.

ఆయన చూపు తెర మీదే ఉంది. మేం చెప్తే గానీ ఆయనకి తెలియలేదు.

పిల్ల కొత్త సూదులు తీసి తన చేతికే గుచ్చుకుంది. గీత ఎగిరిపడింది. మిషన్ బాగానే ఉంది.

పోగులు అతకడంలో నేతగాళ్లలో ఒక్కొక్కరిది ఒక్కో మెలిక. మా ఆయన బయటికి తిప్పుతాడు. ఆ కొంగు మీది మెలిక లోపలికి తిప్పి ఉంది. మా ఇంట్లో అలా తిప్పింది మా మామగారొక్కరే. ఆయన పోయి ఇరవై ఏళ్లు.

ఇంటికి రాగానే మా ఆయన మగ్గం విప్పించమన్నాడు. చెయ్యి కదిలింది కదా, ఇంకొన్నాళ్లు చూద్దామన్నాను.

"కదిపింది నేను కాదే," అన్నాడు.

విప్పించేశాం. ఆ చెయ్యి మళ్లీ కదల్లేదు. కబురు అందని చేతికి ఆ పని ఎవరు చెప్పారో మా మేనకోడలికీ తెలియదు, నాకూ తెలియదు. పడుకునేటప్పుడు మాత్రం ఆ చెయ్యి నా వైపు ఉండకుండా చూసుకుంటున్నాను.