అతుకు దగ్గర ఊదికడ్డి

మా ఇంటి గోడలు తయారైన యార్డులో చెకింగ్ సారుగా ఉండినాయన పోయినారని మొన్న మడకశిర బస్సులో తెలిసింది. ఇంటికొచ్చి నీళ్ల తొట్టి దగ్గర నిలబడిపోయాను. ఆయన మాకు చుట్టం కాదు, మా కులమూ కాదు. తలకు పోసుకోవాలా, వద్దా? ఎవరిని అడగాలో తోచలేదు. చివరికి పోసుకున్నాను. అది సరైనదో కాదో తెలిసినవారు చెప్పండి.

ఆ యార్డులో థర్మాకోలుకు రెండు పక్కలా సిమెంటు పట్టించి గోడలు చేసేవారు. లారీలో తెచ్చి నిలబెట్టి అతికితే ఇల్లు. ఎండాకాలంలోనూ లోపల చల్లగా ఉంటుంది, కరెంటు తక్కువ కాలుతుంది. నేను ఆ గోడలకు నీళ్లు పట్టేదాన్ని. సారు చూసి సరేనంటేనే ఇంటి తాళంచెవి ఇచ్చేవారు.

తలుపులు, కిటికీలు మూసి, ఊదికడ్డి వెలిగించి అతుకుల వెంబడి మెల్లగా తిప్పేవారు. మొదటిసారి చూసినప్పుడు నేను చెప్పులు విడిచి, చేతులు జోడించి ఆయన వెనకే నడిచాను.

“ఏమ్మా, దండం ఎవరికి?”

“దేవునికే కదా సారూ!”

“పొగను చూడు తల్లీ. నిలువునా పోతే అతుకు బాగుండాది. వంగిందంటే గాలి దూరతాండాది. ఎండకు వాకిలి అక్కర్లేదు, ఎంట్రుకంత సందు చాలు.”

నవ్వలేదు, కసరలేదు. ఏ దేవుణ్ణి నమ్మేవారో ఇప్పటికీ నాకు తెలియదు.

తర్వాత మాకూ ఆ యార్డు ఇల్లే కుదిరింది. రేపు పొద్దున గృహప్రవేశమనగా ఉత్తరం గోడ దగ్గర పొగ వంగింది.

“ఈ ఇల్లు ఇయ్యను” అన్నారు.

“ఏం సారూ, తెల్లారితే ముహూర్తం! పాలు నీ నెత్తిన పొంగించమంటావా?” అని మా ఆయన ఎగిరినాడు.

“ఈడనే పొంగించుకోప్పా. అయినాంక బయటికొచ్చి తాళం నాకియ్యి.”

గడప దాటి లోపలికి పోయి, అదే పూట బయటికి రావచ్చునా? ముహూర్తం పెట్టిన అయ్యవారిని అడిగితే ఆయనా తల గోక్కున్నారు. ముహూర్తం మాట వినాలో, సారు మాట వినాలో తెలియక ఆ రాత్రి దేవుని పటం ముందే కూర్చున్నాను.

తెల్లవారి పోయి చూస్తే సారు మాకంటే ముందొచ్చి, అతుకు తీసి మళ్లీ పూస్తున్నారు. “బయటికి పోవద్దులే, మీరు కానీయండి” అన్నారు. ఆ ఇంట్లోనే నిలిచాం. ఇప్పటికీ మిట్టమధ్యాహ్నం ఆ గోడకు ఆనుకునే జపం చేసుకుంటాను, చల్లగా ఉంటుంది.

ఆ పొద్దు పాలు పొంగగానే మావాళ్లు అక్షింతలు చల్లినారు. అవి పోయి తడి అతుకులో పడినాయి.

“అయ్యో, గింజ రాలితే బొక్కే కదమ్మా!” అని సారు ఒక్కొక్కటే గీరి తీస్తున్నారు. అందరం బిత్తరపోయి చూస్తున్నాం.

“సారూ, వాటిని కింద వేయకూడదు” అన్నాను మెల్లగా.

ఆయన నా వైపు చూసినారు, తన చేతి వైపు చూసినారు. సిమెంటు అంటిన పసుపు గింజలు అరచేతిలో పట్టుకుని, పాల వాసన నిండిన గదిలో, ఏ పక్కకు పోవాలో తెలియనట్టు అట్లే నిలబడినారు.