పులి ఏ చేత్తో గీసింది?

నేను చెప్పేవాటిలో ఇదొక్కటి నిజం. మా మలేషియాలో క్లాంగ్ వెళ్లే రైల్లో పక్కన ఓ యూనివర్సిటీ అమ్మాయి కూర్చుంది. చదువులో భాగంగా సమాజసేవ చేయాలని, ఆదివారాలు రబ్బరు ఎస్టేటు పిల్లలకు తెలుగు నేర్పుతోందట.

"ఒక్కరూ కూకోరు మావా. ఇలాగైతే క్లాసు మూసేస్తారు లా" అంది దిగులుగా, ఇక్కడందరిలా చివర 'లా' తగిలించి.

మా తాత పులి చేత పాల కోసం రబ్బరు చెట్లు గీయించిన సంగతి చెప్పాను. మా ఇంట్లో అయితే "మొదలెట్టినాడు" అంటూ లేచి వెళ్లిపోతారు. ఈ అమ్మాయి మాత్రం ఇంకా దగ్గరికి జరిగింది.

"పులి ఏ సేత్తో కత్తి పట్టినాది మావా? పిల్లలు అడుగుతారు."

"ఎడం సేత్తో" అన్నాను, గొంతు సవరించుకుని.

కొన్ని నెలలకు అదే రైల్లో ఓ పాప వాళ్లమ్మకు తెలుగులో చెబుతోంది: "రెండు పులులమ్మా! రెండూ ఎడం సేత్తోనే గీసినాయి!"

క్లాసు మూతపడలేదన్నమాట. పేరైనా అడగని ఆ అమ్మాయికి మనసులోనే దండం పెట్టుకున్నాను. రెండో పులి నాకు తట్టలేదే అని మాత్రం ఇప్పటికీ కుళ్లుగానే ఉంది.