సరిచేయని గొంతు

“కంపెనీ ఒప్పందం మీద సంతకం పెట్టేశావు కదక్కా, ఇప్పుడు ఎదురు తిరిగితే ఆల్బమే ఆపేస్తారేమో.”

చెల్లెలి భయం అది. సైన్సు చదివిన మనిషి, తనకు పాప పుట్టినప్పటి నుంచి గంటకోసారి థర్మామీటరు పెట్టి చూస్తోంది. అక్క పదకొండేళ్లు లాండ్రీలో ఇస్త్రీ చేస్తూ రాక్ పాటలు కట్టింది. పెద్ద కంపెనీ తెస్తున్న ఆమె మొదటి ఆల్బమ్ ఇది.

లాండ్రీ యజమానిని కడిగేసే పాటలో, ఒకచోట అక్క గొంతు శ్రుతి తప్పి కిందికి దిగింది. స్టూడియో ఇంజనీరు కంప్యూటర్లో దాన్ని పైకి లాగి సరిచేశాడు.

“ఇప్పుడు కొలత ప్రకారం ఉందక్కా,” అంది చెల్లెలు, కంప్యూటర్ తెర మీది గీతలు చూస్తూ.

“నువ్వూ వాళ్ల పార్టీయేనా?”

“వినేవాళ్లు తప్పు పాడారనుకుంటారు మేడమ్,” అన్నాడు ఇంజనీరు.

“అనుకోనివ్వండి. ఏది ముడతో, ఏది మడతో ఇస్త్రీ చేసినదాన్ని నాకు తెలుసు. ఇది నేను కావాలని వేసిన మడత. సరిచేసిన పాటే కావాలంటే సరిచేసిన మనిషిని వెతుక్కోండి.” అక్క గిటారు భుజాన వేసుకుంది. “ఆ తెర ఆర్పేసి రెండూ వినిపించండి.”

చెల్లెలు కళ్లు మూసుకుని రెండూ వింది. చిన్నప్పుడు అక్క గొంతు అలా దిగితే ఇంట్లో అందరూ వెనక్కి తగ్గేవాళ్లు. సరిచేసినదాంట్లో ఆ కోపం లేదు, మర్యాదగా అడుక్కుంటున్నట్టుంది.

“పాతదే ఉంచండి,” అంది చెల్లెలు.

కంపెనీవాళ్లు సణిగారు కానీ పాట అలాగే వచ్చింది.

“పాప విషయంలోనూ అంతేనే,” అంది అక్క. “ముందు విను, తర్వాత కొలువు.”

ఇప్పుడు పాప ఏడిస్తే, థర్మామీటరు వెతికేముందు చెల్లెలు ఆ ఏడుపు వింటుంది.