నూకాలు ఇంట్లో నూనె చుక్క

గోపాలపట్నం రైతుబజారులో నూకాలు తోటకూర కట్ట ఎత్తి కేక వేసిందంటే, అవతల బస్సు దిగేవాళ్లు కూడా తిరిగి చూస్తారు. అంత గొంతున్న మనిషి ఆ సాయంత్రం సొంత గుమ్మంలో నోరు పెగలక నిలబడిపోయింది. ఐదేళ్ల కూతురు హేమశ్రీ గడప తట్టుకుని పడింది. లేచి, ఎదురుగా ఉన్న తల్లిని పోల్చుకోలేక, "అమ్మా, ఎక్కడున్నావే?" అంటూ చేతులు చాచి వెతికింది. వీధిలో తక్కిన పిల్లలు ఇంకా బంతాట ఆడుతూనే ఉన్నారు.

రేచీకటి! ఆకుకూరలమ్మే ఇంట్లో రేచీకటంటే నలుగురూ నవ్విపోరూ? నూకాలుకు భయంతో పాటు రోషమూ వచ్చింది. పూటపూటా మునగాకు, తోటకూర, క్యారెట్టు ఉడకబెట్టి పిల్ల నోట్లో కుక్కింది. చూపు రాలేదు సరికదా, మసక పడితే చాలు, పిల్ల కదలకుండా మూల కూర్చోవడం మొదలుపెట్టింది. ఇక ఆగలేక చంకనేసుకుని ఆసుపత్రికి పరుగెత్తింది.

"కూరలో నూనె వేస్తావా?" అని అడిగింది డాక్టరమ్మ.

"సుక్క ఎయ్యనండి. మా ఆయనకి గుండె జబ్బు. పాలు, గుడ్లు కూడా మానిపించేసినాను."

ఉక్కు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కూలీ తవిటయ్యకు నిరుడు గుండెపోటు వచ్చింది. నూనె తగ్గించమన్నారు. నూకాలుకు తగ్గించడం చేతకాదు, మానేయడమే తెలుసు. మొగుడు తిననిది తమకెందుకని ఇంటిల్లిపాదికీ ఒకే కుండ పెట్టింది.

"ఆకులో ఉండేది విటమిన్ ఎ కాదమ్మా, దాని ముడిసరుకు. పేగుల్లోకి వెళ్లాక ఒళ్లే దాన్ని విటమిన్‌గా మార్చుకోవాలి. కొవ్వులో కరిగితేనే ఒంట్లోకి ఇంకుతుంది. నూనె లేకపోతే చాలావరకు వచ్చిన దారినే పోతుంది. ఇంకొన్నాళ్లు ఆగుంటే నల్లగుడ్డే దెబ్బతినేది." డాక్టరమ్మ పిల్ల నోట్లో విటమిన్ ఎ మందు పోసింది. "రెండు మూడు రోజుల్లో చూపు తెలియాలి. మీ ఆయనకూ తగ్గించమన్నారు గానీ మానమనలేదు. కాస్త వెయ్యి."

నూకాలు పిల్లను ఒళ్లోకి లాక్కుంది. ఇంత ప్రేమా పిల్ల కళ్ల మీదకే వచ్చిందా!

ఇంటికొచ్చి పొయ్యి ముందు గరిట పట్టుకుంది గానీ, దారిలో కొన్న నూనె సీసా మూత తీయలేకపోయింది. ఆమె లెక్కలో మొగుణ్ని మంచం ఎక్కించింది ఆ నూనే. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టయింది. తవిటయ్య వచ్చి గరిట లాక్కున్నాడు.

"నా గుండె కోసం బిడ్డ కళ్లు తీసేత్తావేటే? ఇలాగియ్యి."

చాన్నాళ్లకు ఆ ఇంట్లో ఆవాలు చిటపటలాడాయి. తోటకూర వేగిన వాసనకు హేమశ్రీ మూలలోంచి తల ఎత్తింది.

తర్వాత రెండు రోజులూ నూకాలు బజారుకు పోలేదు. మూడో సాయంత్రం మసక పడుతుంటే తవిటయ్యను లైటు వేయనివ్వలేదు. పిల్లకు ఎదురుగా, గోడ వారన, ఊపిరి బిగబట్టి నిలబడింది. పిల్ల కదల్లేదు, మాట్లాడలేదు. చూపు ఇక రాదేమోనని నూకాలుకు కన్నీళ్లు జలజలా కారాయి. ఏడుపు బయటికి వినపడకుండా కొంగు నోట్లో కుక్కుకుంది.

"నాన్నా," అంది హేమశ్రీ, "అమ్మ ఏడుత్తంది సూడు."